సోమమ్మ కాలి కొలత

తార్నాక చౌరస్తల దానయ్య తెల్వనోడు లేకుండె. పేరు తెల్వకున్నా "టైరు చెప్పులాయన" అంటే ఎవ్వలైనా వేలు పెట్టి చూపిచ్చేటోళ్లు. రోడ్డు పక్కన గోనెసంచి పరిచి, ముంగట లారీ టైరు ముక్కలు పేర్చి, నోట్లె ఇనుప మొలలు పట్టుకొని కూసునేటోడు. నోట్లె మొలలుండంగనే మాట్లాడేటోడు, నవ్వేటోడు, అవసరమైతే తిట్టేటోడు సుత. ఒక్క మొల మింగింది లేదు. ఎట్ల సాధ్యమో ఆ ఏసయ్యకే తెల్వాలె.

ఆయన చెప్పుల సంగతి చెప్పాలె. అడుగుకు లారీ టైరు, పట్టెలకు సైకిలు ట్యూబు, చుట్టూరంగ మొలలు. ఒక్కపారి కొంటే అయిపాయె, ఇగ జన్మల మళ్ల కొనే పని లేదు. రిక్షా తొక్కేటోళ్లు, బండలు కొట్టేటోళ్లు, మల్కాజ్‌గిరి స్టేషన్ల మూటలు మోసేటోళ్లు, అందరు ఆయన గిరాకే. "దానయ్యా, నీ చెప్పు అరగది, నువ్వు బాగుపడవు" అని ఎక్కిరిచ్చేటోళ్లు. మాట నిజమే. అరగని చెప్పు కుట్టేటోని కాడికి రెండోపారి ఎవడొస్తడు? అయినా ఆ మాట చెవుల పడితే దానయ్యకు కడుపు నిండేది. "చెప్పంటే మొగోని మాట అసొంటిది. ఒక్కపారి ఇస్తే ఇచ్చినట్టే" అని మీసం దువ్వేటోడు.

భువనగిరి దిక్కు ఊళ్లె ఆయన నాయిన తోలు పని చేసేటోడు. మోటబాయి బొక్కెనలు, రైతుల చెప్పులు అన్నీ ఆయన చేతిమీదుగనే. పట్నం వచ్చినంక దానయ్యకు తోలు యాడ దొరకాలె? టైరు పట్టిండు. లారీలోళ్లు పారేసినయి, పంచరు దుకాణమోళ్లు పక్కకేసినయి తెచ్చి కోసేటోడు. టైరు కొయ్యాల్నంటే కత్తికి నీళ్లు తడపాలె, మోకాలు అదిమిపెట్టాలె, ఓపిక గావాలె. ఓపిక ఒక్కటి దానయ్య కాడ తక్కువ. అందుకే పొద్దుగాల నుంచి టైరును తిట్టుకుంటనే కోసేటోడు, ఆ తిట్లు విననీకె పోరగాళ్లు సైకిళ్లు ఆపేటోళ్లు.

ఇగ సోమమ్మ ఆయన పెండ్లాం. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ల ఊడ్చి తుడిచే పని. వారాసిగూడల ఒక్క అర్ర ఇల్లు. పిల్లల్లేరు. హాస్టల్ పిల్లలు పారేసిన పాత చీరలు తెచ్చి, పొరలు పొరలు పేర్చి, దబ్బునంతోని బొంతలు కుట్టేది. "మొగుడు టైరు ఏరుకొస్తడు, పెండ్లాం పేలికలు ఏరుకొస్తది, మంచి జోడీ" అని ఇంటి పక్కోళ్లు నవ్వితే సోమమ్మ ఊకునేది గాదు. "మీరు పారేస్తరు, మేం బతికిస్తం. ఎవ్వరు గొప్ప?" అనేది.

వీళ్లు పట్నం ఎందుకొచ్చిన్రో ఎవ్వలికి తెల్వదు. పెండ్లయిన కొత్తల సోమమ్మ వీపు మీద ఒక మచ్చ లేసింది. సూది గుచ్చినా తెల్వని మచ్చ. పెద్దరోగమన్నరు, గదే కుష్ఠు. ఊరు ఊరంత ఒక్కటై, "దాన్ని తల్లిగారింటికి తోలు, మేం ఇంకో పిల్లను చూస్తం" అన్నరు. దానయ్య తెల్లారి పెండ్లాన్ని బస్సెక్కిచ్చుకొని సికింద్రాబాదు దిక్కు మిషన్ దవాఖానకు తోల్కచ్చిండు. ఏండ్లకేండ్లు మందులు మింగింది. రోగం పూర్తిగ పోయింది, ఇగ ఎవ్వలికి అంటుకోదు అని డాక్టర్లు బరాబర్ చెప్పిన్రు. వాళ్లు బాప్తిస్మం తీసుకున్నది సుత అప్పుడే. గానీ రోగం పోతపోత సోమమ్మ కాళ్లల్ల స్పర్శ గుంజుకపోయింది. నిప్పు తొక్కినా తెల్వదు, ముల్లు దిగినా తెల్వదు. వేళ్లు సుత జర వంకర పోయినయి. చీర కుచ్చిళ్లు కిందికి దించి కట్టేది, ఎవ్వరి కంట పడకుంట.

గా దినాలల్ల పెద్దరోగం అన్న మాట వినబడితే చాలు, మనిషి చేతి నీళ్లు ముట్టకపోతుండిరి. నయమైందన్నా నమ్మకపోతుండిరి. హాస్టల్ల తెలిసిందంటే అదే దినం చీపురు గుంజుకొని పంపిస్తరు. అందుకే ఆ మాట వాళ్లిద్దరి నడుమనే ఉండె.

ఇంకో ముచ్చట చెప్పాలె. దానయ్య పొద్దంత లోకం కాళ్లు ఒళ్లె పెట్టుకునేటోడు. వచ్చిన గిరాకీ కాలు మోకాలి మీద పెట్టుకొని, మడిమె పట్టి, వేలు వేలు తడిమి చూస్తే తప్ప కత్తి ముట్టకపోతుండె. గానీ సొంత పెండ్లాం కాలు మాత్రం ముట్టలె. ముట్టనియ్యదు! పెండ్లినాడు మట్టెలు తొడిగేటప్పుడు పట్టుకున్నదే, మళ్ల లేదు. "మొగుడు పెండ్లాం కాలు పట్టుకుంటే పెండ్లానికి పాపం, మొగనికి ఆయుష్షు తక్కువ" అని సోమమ్మ తల్లి చెప్పింది, ఆ తల్లికి ఆమె తల్లి చెప్పింది. బాప్తిస్మం నీళ్లల్ల మునిగినా ఆ మాట కొట్టుకపోలె. మరి ఆమెకు చెప్పులెట్ల కుట్టేటోడంటే, సోమమ్మ కాలు తడిపి బండ మీద ముద్ర వేసి పక్కకు జరిగేది, దానయ్య బొగ్గు ముక్కతోని ఆ ముద్ర చుట్టు గీత గీసుకునేటోడు. గంతే కొలత.

పెండ్లామంటే పానం గదా. అందరికంటె గట్టి టైరు ఏరి, అందరికంటె ఎక్కువ మొలలు కొట్టి ఇచ్చిండు. ఆ మొలలే కొంప ముంచినయి.

అది అరవై తొమ్మిదో సంవత్సరం మొదట్లె. సోమమ్మ పొద్దుగాల హాస్టల్ వరండ తడిగుడ్డ పెట్టి తుడిచింది. ఆమెతోని పని చేసే ఉప్పలమ్మ బకెటు పట్టుకొని ఎనుక వస్తున్నది. ఉప్పలమ్మకు నోరు పెద్దది, మనసు సుత పెద్దదే, గానీ ముందుగాల నోరే వినబడుతది.

"సోమక్కా! ఏందే గిది? తుడిచిన బండ మీద నెత్తుటి అడుగులు!"

సోమమ్మ ఎనకకు తిరిగి చూసింది. ఎర్రటి అడుగులు ఒకదానెనుక ఒకటి తన కాడికే వచ్చి ఆగినయి. "ఎవ్వలో పాన్ ఉమ్మిన్రు, తొక్కిన" అని గబగబ తుడిచేసింది. ఇంటికి పోయి కాలు కడుక్కొని, పేలిక చుట్టి, కుచ్చిళ్లు ఇంకింత కిందికి గుంజి కట్టింది. మొగనికి చెప్పలె. నొప్పి ఉంటే మనిషి కుంటుతది, మొగుడు కనిపెడుతడు. నొప్పే లేకపాయె, ఆమె మామూలుగనే నడిచింది.

దానయ్యకు మనిషి చెప్పలె, చెప్పు చెప్పింది. ఆదివారం ప్రార్థనకు పోయే ముందుగాల పెండ్లాం చెప్పులు తుడుద్దామని చేతిలకు తీసుకున్నడు. లోపలి దిక్కు ఒక మొల మొన పైకి లేసి ఉన్నది. మొన చుట్టు నల్లగ గట్టిపడిన నెత్తురు. దానయ్య పానం పోయినంత పనైంది. ఆ మొల తన చేతితోని కొట్టింది. ఆమె గట్టిగ నడవాల్నని కొట్టింది. కొట్టిన చేతిని ఏం చేసుకోవాల్నో తెల్వక, ఆ చెయ్యిని గోడకేసి గుద్దుకున్నడు.

"ఎన్ని దినాలాయె?" అని గట్టిగ అడిగిండు.

"ఏమో. నాకెట్ల తెలుస్తది?" అన్నది సోమమ్మ.

ఆ జవాబు విని దానయ్య చెప్పులు రెండూ పొయ్యిల పెట్టిండు. టైరు కాలిన పొగకు ఇల్లంత నల్లబడ్డది. సోమమ్మ దగ్గుకుంట, "నీ కోపానికి ఇల్లు కాల్తది గానీ కాలు మానది" అన్నది.

మిషన్ దవాఖానల కమలాదేవి అని ఒక నర్సమ్మ ఉండె. సోమమ్మకు మందులిచ్చిన కాలం నుంచి ఎరుక. పుండు కడిగి, లోతు చూసి, తల పట్టుకున్నది. "ఎముక దాక పోలె, అదృష్టం. పోయిందంటే కాలు తియ్యాలె. ఇగ నడవద్దు. నడిస్తే మాత్రం మొలల్లేని మెత్తటి చెప్పులతోనే నడవాలె. రోజూ కాలు తిప్పి తిప్పి చూసుకోవాలె. నీకు తెల్వది కాబట్టి కండ్లతోని చూడాలె" అన్నది. అని లోపలికి పోయి దవాఖానల ఇచ్చే చెప్పులు తెచ్చి ముంగట పెట్టింది. నల్లటి మెత్తటి రబ్బరు, మందపు అడుగు, మడిమె ఎనుక పట్టె.

సోమమ్మ వాటిని ముట్టలె. దవాఖాన గేటు కాడ కూసున్నోళ్లందరి కాళ్లకు అవే చెప్పులు. వాటిని చూసి జనం దూరం జరుగుడు ఆమె కండ్లార చూసింది. బయటికొచ్చినంక మొగనితోని అన్నది, "అవి ఏసుకొని హాస్టల్లకు పోతే డప్పు కొట్టి చెప్పినట్టే. కాలు పోతె పోనీ, ఇజ్జత్ పోవద్దు."

"కాలు పోయినంక ఇజ్జత్ ఏడ పెట్టుకుంటవే? నెత్తి మీదనా?" అని దానయ్య రోడ్డు మీదనే కొట్లాటకు దిగిండు. సోమమ్మ మొండిఘటం, ఒప్పుకోలె. ఇల్లు చేరేసరికి దానయ్య కోపం దిగింది. దిగినంక ఒక్క మాటన్నడు. "సరె. గసొంటి చెప్పులే నేను కుడుత. చూసినోళ్లు హాస్టల్ పిల్లల చెప్పులనుకోవాలె. కాలుకు మాత్రం దూది పరుపు లెక్క ఉండాలె."

అన్నడు గానీ, మెత్తటి చెప్పు ఆయన జన్మల కుట్టలె. కుట్టేటోళ్లను చూసి నవ్విండు సుత. ఇప్పుడు మెత్తటి రబ్బరు యాడ తేవాలె? అప్పుడప్పుడే పోరగాళ్ల కాళ్లకు హవాయి చెప్పులు కొత్తగొచ్చినయి. ఇంతకుముందు వాటిని చూస్తే దానయ్యకు ఒళ్లు మండేది. "గివి చెప్పులా, అట్ట ముక్కలా? ఒక వాన పడితే కొట్టుకపోతయి" అనేటోడు. ఇప్పుడు తెగిపోయిన హవాయి చెప్పు దొరికితే చాలు, బొటనవేలితోని నొక్కి నొక్కి చూస్తున్నడు. నొక్కితే లోపలికి పోతున్నది, విడిస్తే పైకి వస్తున్నది. "గిదే" అనుకున్నడు. గానీ ఒకటి రెండు దొరికితే ఏం సాలుతది?

గంతట్ల యూనివర్సిటీల గొడవ లేసింది. ప్రత్యేక రాష్ట్రం గావాల్నని విద్యార్థులు రోడ్డెక్కిన్రు. చౌరస్తల టైర్లు కాల్చుడు షురువైంది. దానయ్య మనసు వాళ్ల దిక్కే ఉండె, గానీ టైరు కాలుతుంటే మాత్రం చూడలేకపోయిండు. "అరె, దాని మీది గీతలు సుత అరగలె బిడ్డా! ఇంకింత అరిగింది తెచ్చి కాల్చున్రి!" అని మంటకాడికి ఉరికితే, పోరగాళ్లు ఆయన రెక్క పట్టి పక్కన కూసోబెట్టిన్రు. "దానయ్యా, నువ్వు మా దిక్కా, టైర్ల దిక్కా?" అని నవ్విన్రు.

ఒక దినం పగటీలి పోలీసులు లాఠీలు తీసిన్రు. ఊరేగింపు ఎటోళ్లటు ఉరికింది. జర సేపటికి రోడ్డు ఖాళీ. మనుషుల్లేరు గానీ, యూనివర్సిటీ గేటు నుంచి తార్నాక దాక ఎటు చూసినా చెప్పులే. ఉరికేటప్పుడు కాళ్లకెల్లి జారినయి. ఎక్కువ హవాయియే. కుడిదుంటే ఎడమది లేదు, ఎడమదుంటే కుడిది లేదు. దానయ్య గోనెసంచి పట్టుకొని వంగి వంగి ఏరుడు మొదలుపెట్టిండు. భయం లేకుండె అని గాదు. గానీ సోమమ్మ కాలు ఒక్కటే కండ్లల్ల తిరుగుతున్నది.

ఒక పోలీసాయన లాఠీ ఊపుకుంట వచ్చిండు. "ఏయ్! ఏం జేస్తున్నవ్?"

"చెప్పులేరుతున్న సాబ్."

"ఎవ్వరివి?"

"ఉరికినోళ్లయి సాబ్. ఉరకనోళ్లయి వాళ్ల కాళ్లకే ఉన్నయి."

పోలీసాయనకు కోపం రావాల్నో నవ్వు రావాల్నో తెల్వలె. "పో, జల్ది పో" అని అదిలించి పోయిండు. దానయ్య మోసగాడు గాదు. తెల్లారి సంచిని చౌరస్తల కుమ్మరించి, "ఎవ్వరిది వాళ్లు తీసుకోన్రి" అని కూసున్నడు. కొందరు వచ్చి ఏరుకున్నరు. ఒక పోరడు తన కుడి చెప్పు గుర్తువట్టి, "ఎడమది నా కాడనే ఉన్నది" అని ఎగిరి గంతేసిండు. మిగిలినయి ఎవ్వలకూ పనికి రాని ఒంటి చెప్పులు. అవి దానయ్యవైనయి.

గొడవలు పెద్దగై యూనివర్సిటీ మూసిన్రు. హాస్టల్ పిల్లలు ఊళ్లకు పోయిన్రు. దేశమంత పరేషాన్ల ఉంటే, అందాక పేలికలు చుట్టుకొనే పనికి పోయిన సోమమ్మ కాలుకు మాత్రం దొరకని ఆరాం దొరికింది. కమలాదేవి కట్టు మారుస్తనే ఉన్నది, పుండు మెల్లమెల్లగ సన్నబడుతున్నది.

ఇంట్ల దానయ్య పని షురువైంది. హవాయి అడుగులను రెండు పొరలు చేసి, పంచరుకు రాసే సొల్యూషన్ రాసి అంటవెట్టిండు. కింద టైరు పొర పలుచగ చెక్కి పెట్టిండు. పట్టెలకు ట్యూబు కోసి, కాలుకు ఒరుసుకోకుంట లోపలి దిక్కు సోమమ్మ దాచిన పాత నూలు చీర మడిచి కుట్టిండు. హాస్టల్ పిల్లలు పారేసిన ప్లాస్టిక్ బుట్టలుంటయి గదా, వాటి రంగు రంగుల వైరు విప్పి, జడ లెక్క అల్లి పట్టె మీద పెట్టిండు. ఒక్క మొల లేదు. పారేసిన రబ్బరు, పారేసిన బట్ట, పారేసిన ప్లాస్టిక్కు. దాంట్లెకెల్లి సినిమాల హీరోయిన్ తొడిగేటసొంటి జత లేసింది. సోమమ్మ చూసి సిగ్గుపడ్డది. "గివి నాకా? నా ముసలి మొఖానికి?" అన్నది.

"మొఖానికి కాదే, కాలుకు" అన్నడు దానయ్య.

నాలుగడుగులు నడిచి చూపిచ్చింది. మరునాడు దవాఖానల కమలాదేవి కట్టు విప్పి, వేళ్ల మీద కొత్తగ ఎర్రటి గీత చూసింది. పట్టె ఒరిసింది. "ఇంకొన్ని దినాలు నడిస్తే గిక్కడ ఇంకో పుండు. చెప్పు మంచిగనే ఉన్నది, కొలతనే తప్పింది" అన్నది.

తప్పదా మరి? తడి ముద్ర అడుగు ఒక్కటే చెప్తది. వేళ్లెంత లేసినయో, ఏ వంక తిరిగినయో, పాదం ఎత్తెంతనో ముద్రకేం తెలుసు? ఆ సాయంత్రం దానయ్య సోమమ్మ ముంగట కూసొని అడిగిండు. "కాలు గిట్ల పెట్టు. ఒక్కపారి చేతిల పట్టుకుంట."

"వద్దు."

"అరె, లోకం కాళ్లన్ని పట్టుకుంటి..."

"లోకం నీ పెండ్లాం గాదు."

"ఏసయ్యనే శిష్యుల కాళ్లు కడిగిండని పాస్టరయ్య చెప్పలే?"

"నువ్వేమన్న ఏసయ్యవా?" అన్నది సోమమ్మ. కాలు చీరల దాచుకొని గోడ దిక్కు తిరిగింది.

పాపం సంగతి ఒక్కటే గాదు. ఆమె లోపల ఇంకోటి ఉన్నది. ఆ వంకర వేళ్లు ఆయన దగ్గరికెల్లి చూడొద్దు. ఊరోళ్లందరు వదిలెయ్యమన్నా వదలలేదు ఆయన. ఇప్పుడు వేళ్లు చూసి ఆయన మొఖం ఒక్క గడియ చిన్నబోయినా, ఆమె తట్టుకోలేదు. గా మాట నోరు తెరిచి చెప్పలేదు సుత.

దానయ్య అలిగిండు. అన్నం మాత్రం ఇద్దరు ఒక్క పళ్లెంలనే తిన్నరు, మాటలే బంద్. ఆయన పొద్దుగాల పోతడు, మాపటికి వస్తడు, ఏదో గొణుక్కుంటడు. చౌరస్తల గిరాకీ వస్తే, "టైరు చెప్పులా? తర్వాత చూద్దాం" అంటున్నడు. గిదేంది, దానయ్యకు గాలి సోకిందా అని జనం గుసగుసలు వెట్టిన్రు.

వానలు పడే కాలానికి యూనివర్సిటీ తెరుస్తున్నరని కబురొచ్చింది. ఉప్పలమ్మ ఇంటికొచ్చి, "రేపటి నుంచి పనికి రావాలె సోమక్కా. రానోళ్ల జాగల కొత్తోళ్లను పెడ్తరంట" అని చెప్పిపోయింది. పుండు ఇంక పూర్తిగ మానలె. ఏం తొడుక్కొని పోవాలె? పాత చెప్పులు పొయ్యిల కాలినయి. దవాఖాన చెప్పులు తొడగనన్నది. కుట్టిన జత ఒరుస్తది. తెల్లారి దానయ్య పోయినంక, సోమమ్మ మంచం కిందికి వంగి ఆ జత కోసం చెయ్యి పెట్టింది. చేతికి ఒక సంచి తగిలింది. గుంజి విప్పింది.

సంచినిండ చెప్పులు. అన్నీ ఆమె కాలుకు కుట్టినయే. ఒకదాని పట్టె జర వదులు, ఇంకోదానిది జర బిగువు. ఒకదానికి వేళ్ల కాడ గుంట చెక్కి ఉన్నది, ఇంకోదానికి ఆ గుంట పక్కకు జరిగి ఉన్నది. కాలు చూడకుంట, కాలును మనసుల పెట్టుకొని, గిట్లనా, గట్లనా అని ఒక్కో జత ఒక్కో తీరుగ కుట్టుకుంట పోయిండు. ఒక్కపారి ఇస్తే ఇచ్చినట్టే అని మీసం దువ్వే మనిషి! అలిగిండు, మాట్లాడుతలేడు అనుకున్న దినాలన్ని గిదే పని. సోమమ్మ ఒక్కొక్క జత తొడిగి చూసింది. అన్నీ తప్పే. చెప్పులు ముంగటేసుకొని కండ్లనిండ ఏడ్చింది. ఏడ్చి, మొఖం కడుక్కొని, కట్టు మీద ఇంకో పేలిక చుట్టి, సంచి చంకన పెట్టుకొని రిక్షా ఎక్కింది.

చౌరస్తల జనం మస్తుగున్నరు. పిల్లలు మళ్ల కాలేజీలకు పోతున్నరు, బస్సులు, సైకిళ్లు. దానయ్య ముంగట ఒక రిక్షా ఆయన మొండికేసి కూసొని తన కొలత ఇస్తున్నడు. సోమమ్మ వచ్చి, "జర జరుగు తమ్మీ" అని ఆ గిరాకీ కూసునే డబ్బా మీద కూసున్నది. సంచి కుమ్మరించింది. "గివన్ని తప్పులే. కొలత తీస్కో" అని కుచ్చిళ్లు పైకి పట్టి కాలు ముంగటికి సాపింది.

దానయ్య నోట్లె మొలలు కింద పడ్డయి. "గీడనా? ఇంట్ల ముట్టనియ్యవైతివి!"

"ఇంట్ల నువ్వు నా మొగనివి. గీడ చెప్పులు కుట్టేటోనివి. చెప్పులు కుట్టేటోడు కాలు పట్టుకుంటే ఎవ్వలికి పాపం లేదు."

కట్టు విప్పింది. వంకర వేళ్లు పట్టపగలు ఎండల బయటపడ్డయి. అవి చూసిన రిక్షా ఆయన ఒక్క అడుగు ఎనకకు జరిగిండు. గప్పుడే హాస్టల్‌కు పోతున్న ఉప్పలమ్మ ఆగి చూసింది. వేళ్ల దిక్కు చూసింది, సోమమ్మ మొఖం దిక్కు చూసింది. వరండల నెత్తుటి అడుగులు ఎవ్వరివో ఆమెకు అప్పుడు సమజైంది. సోమమ్మ తల దించలె. దించితే మళ్ల లేపలేనని ఆమెకు తెలుసు.

ఉప్పలమ్మ వచ్చి, రిక్షా ఆయన విడిచిన జాగల కూసున్నది. సోమమ్మ భుజానికి భుజం ఆనిచ్చి, "అన్నా, సోమక్కది అయినంక నాది సుత తీస్కో. గదే రంగు వైరు పెట్టాలె" అన్నది.

మీరు పరేషాన్ కావొద్దని ముందే చెప్తున్న, ఆ కాలు దక్కింది. క్రిస్మస్ నాటికి పుండు మానింది, కమలాదేవి కండ్లార చూసింది. హాస్టల్ల ఆ రంగు వైరు చెప్పులు ఉప్పలమ్మ కాళ్లకు చూసి పిల్లలు సుత కుట్టిచ్చుకున్నరు. గానీ గవన్ని తర్వాత. ఆ పూట దానయ్య రెండు చేతులు పంచెకు తుడుచుకున్నడు. పెండ్లాం కాలు మోకాలి మీద పెట్టుకున్నడు. మడిమె పట్టిండు, వేలు వేలు తడిమిండు. ఆయన చేతులు తగులుతున్నట్టు ఆమెకు తెల్వదు, అందుకే ఆమె కండ్లు ఆ చేతుల మీదనే పెట్టుకొని చూస్తున్నది. ఆయన మొఖం చిన్నబోలె. వంకర పోయిన వేలు ఒక్కటొక్కటి పట్టుకొని, మందం కొలుస్తున్నడు, ఎత్తు కొలుస్తున్నడు, మధ్యల చెయ్యి ఆగుతున్నది. కండ్లల్లకెల్లి నీళ్లు టపటప ఆమె పాదం మీద పడుతున్నయి. అవి పడుతున్నట్టు సుత ఆమెకు తెల్వదు, చూస్తే తెలిసింది.

"ఏడ్వకయ్యా" అన్నది సోమమ్మ మెల్లగ. "కొలత తప్పుతది."